సైనికుడికి చెప్పకూడని సలహాలు

అగ్నివీర్ ఎంపిక కోసం తెల్లవారకముందే గ్రౌండ్‌కు చేరే కుర్రాళ్లకూ, వాళ్లను పరుగెత్తించే సీనియర్లకూ కొన్ని సలహాలు కంఠతా వచ్చు. వాటిలో బాగా హాని చేసేవి ఇవి. ఎవరు చెప్పినా వినకండి, మీరు ఇంకొకరికి చెప్పకండి.

"నీళ్లు తక్కువ తాగు, ఒళ్లు అదే అలవాటు పడుతుంది." పడదు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా సైన్యంలోనూ ఈ నమ్మకం ఉండేది. శరీరధర్మ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ అడాల్ఫ్ బృందం కాలిఫోర్నియా ఎడారిలో సైనికులను పరీక్షించి, నీళ్లు లేకుండా నెట్టుకురావడం ఒంటికి నేర్పలేమని తేల్చింది. 70 కిలోల మనిషి ఒంట్లోంచి కిలోన్నర నీరు పోతే చాలు, ధ్యాస చెదరడం మొదలవుతుంది. అలాగని బలవంతంగా తాగించడమూ ప్రమాదమే. రక్తంలో సోడియం పడిపోయి మనిషి తికమకపడతాడు, ఫిట్స్ వస్తాయి, ప్రాణం మీదికీ రావచ్చు. అందుకే 1998లో అమెరికా సైన్యం గంటకు దాదాపు 1.4 లీటర్లకు మించి తాగవద్దని హద్దు పెట్టింది.

"ఆకలేసినప్పుడు తింటే చాలు." కొండల మీద ఈ మాట అసలు పనికిరాదు. 1984 నుంచి మన సైన్యం కాపలా కాస్తున్న సియాచిన్ లాంటి ఎత్తుల్లో ఆకలే చచ్చిపోతుంది. ఖర్చయ్యే శక్తి మాత్రం పెరుగుతుంది. అక్కడ వేళ చూసుకుని తినాలి.

"కడుపు మాడినవాడే చురుగ్గా ఉంటాడు." ఇందులో కాస్త నిజముంది. తింటున్నది దాదాపు కాలరీలు లేని ఆహారమని తెలియనివ్వకుండా అమెరికా సైనిక శాస్త్రవేత్తలు కొందరిని రెండు రోజులు పరీక్షిస్తే, ఆలోచన దెబ్బతిన్నట్టు కనిపించలేదు. అది రెండు రోజుల సంగతి. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటాలో 36 మంది యువకులను 24 వారాలు అర్ధాకలితో ఉంచారు. వాళ్లు దిగులుపడ్డారు, చీటికీమాటికీ చిరాకుపడ్డారు, పగలూ రాత్రీ తిండి గురించే తలచుకున్నారు. ధ్యాసంతా అన్నం మీదే ఉన్న మనిషిని సెంట్రీగా నిలబెట్టి ఏం లాభం?

"కాఫీ తాగితే నిద్ర అక్కర్లేదు." అమెరికా నేవీ సీల్ కమాండోల శిక్షణలో మూడు రోజులు నిద్ర లేనివాళ్లకు 200 మిల్లీగ్రాముల కెఫీన్ ఇస్తే అప్రమత్తత పెరిగింది, గురి చూసే వేగం పెరిగింది. గురి కచ్చితత్వం మాత్రం పెరగలేదు. గండం గట్టెక్కడానికి కాఫీ పనికొస్తుంది, రోజూ నిద్ర బదులు కాదు.

"మనోబలం ఉంటే తిండీ నిద్రా తర్వాత." అన్నిటిలోకీ చెడ్డది ఇదే. మనోబలం ఉండేది మెదడులోనే కదా! ఎంపిక చేసిన అమెరికా సైనికులను 53 గంటలపాటు ఎండలో, చాలీచాలని తిండితో, సరైన నిద్ర లేకుండా యుద్ధ విన్యాసం చేయించారు. వాళ్ల స్పందన, జ్ఞాపకశక్తి, తర్కం మద్యం మత్తులో ఉన్నవాళ్లకంటే ఎక్కువగా పడిపోయాయి. వాళ్లు అనుభవం లేని కుర్రాళ్లేం కాదు.

నార్వేలో జరిగింది ఇంకా భయంకరం. దాదాపు ఐదు రోజులు సరైన నిద్ర లేని 44 మంది కేడెట్లను దాడి విన్యాసానికి దింపి, వాళ్లు కాల్చాల్సిన దిష్టిబొమ్మల స్థానంలో, వాళ్లకు చెప్పకుండా నిజమైన మనుషులను పెట్టారు. తుపాకులు పేలకుండా ముందే రహస్యంగా ఏర్పాటు చేశారు. సగం మందికి పైగా ట్రిగ్గర్ నొక్కారు, అదీ ఒక్కసారి కాదు. నొక్కనివాళ్లలో కూడా తోటివాళ్లను హెచ్చరించబోయినవాడు ఒక్కడే. వీళ్లలో ఎవరికి మనోబలం తక్కువ?

శిక్షణ ఇచ్చే ఉస్తాదులకూ, రేపు సెక్షన్‌ను నడపబోయేవాళ్లకూ నా మనవి ఇది. రాత్రి డ్యూటీ ఉన్నవాడిని పగలు పడుకోనివ్వండి. దూరం నడిచేవాళ్ల సంచుల్లో బెల్లం, వేరుశనగపప్పు పెట్టించండి. అలసిన జవాను తాను బాగానే ఉన్నానంటే ఆ మాట నమ్మి ఊరుకోకండి. చేతికి తుపాకీ ఇచ్చేముందు ఎప్పుడు తిన్నాడో, ఎప్పుడు పడుకున్నాడో అడగండి.