రోమక యాన శాస్త్రం: భివండీ భాష్యం

అథాతో రోమకయాన జిజ్ఞాసా. ఇది మొదటి సూత్రం. ఇందులో ‘అథ’ అంటే పాస్‌పోర్టు చేతికొచ్చిన పిమ్మట అని అర్థం. ‘అతః’ అంటే పిల్ల పట్టు విడవడం లేదు కనుక అని అర్థం. పిల్ల భివండీ పద్మానగర్‌ది. కింద సాంచెలు, అనగా మరమగ్గాలు, పైన కాపురం. తాతల కాలంలో కరీంనగర్ దిక్కు నుంచి మగ్గం పని వెతుక్కుంటూ వచ్చిన పద్మశాలి ఇల్లు. ఆ పిల్ల ఇప్పుడు ఇటలీ భాష, సంస్కృతి చదవడానికి ఒక సెమిస్టరు పాటు పెరూజా పోతానంటోంది. దానికి ఎంతవుతుంది, ఏమేం సర్దాలి, ఎవరిని ఒప్పించాలి అన్నది ఈ శాస్త్రానికి విషయం.

శాస్త్రమన్నాక అనుబంధ చతుష్టయం తప్పదు. విషయం చెప్పుకున్నాం. అధికారి ఆ పిల్ల. సంబంధం బాపుతో, అనగా డబ్బుతో. నాలుగోదైన ప్రయోజనం దగ్గరే పద్మానగర్ పండితుల్లో ఏకాభిప్రాయం లేదు. పెద్దనాయిన పక్షం ఇది: “గా బాస నేర్చి ఏం జేస్తవు బిడ్డా? జర్మన్ అయితె నౌకరన్న దొరుకుతది.” మేనమామ పక్షం వేరు: “పోనియ్యి బావా, ఆర్నెల్లల్ల వస్తది గద.” అవ్వ ఏ పక్షమూ తీసుకోకుండా సకినాలకు బియ్యం నానబోసింది. మీమాంసలో క్రియకే ప్రాధాన్యం కనుక, ప్రయాణం ఖాయమైంది అప్పుడేనని భాష్యకారుడి మతం.

ఇక పూర్వపక్షం. తెలుగు ‘ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్’ కదా, అచ్చులతో ముగిసే అజంత భాషలు రెండూ అక్కచెల్లెళ్లు కదా, సగం సిలబస్ పుట్టుకతోనే వచ్చింది కదా, పెరూజా దాకా పోవడమెందుకు? ప్రతి తెలుగు మహాసభలోనూ, దండలు వేశాక, జ్యోతి వెలిగించకముందు, ఈ మాట నికోలో కాంటి పేరు మీద వినబడుతుంది. ఆ వెనిస్ వర్తకుడు పదిహేనో శతాబ్దంలో విజయనగరం చూసిన మాట నిజమే. సిద్ధాంతి జవాబు ఒక్కటే: ఫీజుల పట్టికలో ఈ వాక్యానికి రాయితీ గడి లేదు. కనుక పూర్వపక్షం నిరస్తం.

ఐతిహాసిక దృష్టితో చూస్తే ఈ ప్రయాణం కొత్త ఖర్చు కాదు, పాత బాకీ తీర్చడం. క్రీస్తు శకం మొదటి శతాబ్దంలో ప్లినీ అనే రోము పండితుడు గుండెలు బాదుకున్నాడు: ఇండియా ఏటా ఎంత లేదన్నా 5 కోట్ల సెస్టర్షియస్‌లు మా సామ్రాజ్యం నుంచి లాగేస్తోంది, వాళ్ల సరుకు మా దగ్గర వంద రెట్లకు అమ్ముడవుతోంది అని. ఆ కాలపు ఓడ ప్రయాణాల గ్రంథం పెరిప్లస్‌లో ‘కల్లియేనా’ అనే రేవు ప్రస్తావన ఉంది. అదే కల్యాణ్, భివండీ నుంచి రిక్షా దూరం. సరగనుస్ అనే రాజు కాలంలో అక్కడ వ్యాపారం సజావుగా సాగిందని ఆ గ్రంథం చెబుతుంది. ఆయన మన శాతకర్ణుల్లో ఒకడేనని చరిత్రకారుల మాట. శాతవాహనుల తొలినాళ్ల నాణేలు దొరికిన కోటిలింగాల ఎక్కడుంది? పాత కరీంనగర్ జిల్లాలో. చూశారా! కరీంనగర్ రాజులు కల్యాణ్ రేవులో రోము బంగారం దించుకున్నారు. కరీంనగర్ నేతగాళ్లు కల్యాణ్ పక్కనే స్థిరపడి దాన్ని వాయిదాల మీద తిరిగి పంపుతున్నారు. రెండు వేల ఏళ్లలో ఈ ఖాతా ఇంకా సరిచూసుకోలేదు. వడ్డీ మాట ఇటలీ వాళ్లు ఎత్తకపోవడం వాళ్ల పెద్దమనిషితనం.

ఇప్పుడు శాస్త్రానికి గుండెకాయ లాంటి ధనాధికరణం. ఇక్కడ కాస్త నిలబడాలి.

చదువుకునే వ్యక్తి తన పోషణకు డబ్బుందని చూపాలని ఇటలీ నియమం. ఎంత? ఆ దేశం ఆస్తిపాస్తుల్లేని ముసలివాళ్లకిచ్చే సామాజిక భృతితో సమానంగా. అది 2025లో నెలకు 538.69 యూరోలు. ఇరవై ఏళ్ల పిల్ల ఆకలిని అరవై ఏడేళ్ల తాత ఆకలితో కొలవడంలోని తర్కం భాష్యకారుడికి అందలేదు గానీ, లెక్క మాత్రం అందింది. యూరోకు కనీసం వంద రూపాయలనుకుంటే, ఐదు నెలలకు దాదాపు 2 లక్షల 70 వేలు. ఫీజు, ఇంటి అద్దె అడ్వాన్సు, విమానం వేరే. పద్మానగర్‌లో సొంత సాంచెలున్న ఇంటికి ఇది కష్టమే గాని అసాధ్యం కాదు. అసాధ్యమైంది మరొకటి: దాన్ని బ్యాంకులో నెలల తరబడి కదలకుండా పడుకోబెట్టి చూపించడం.

సూత్రం: భివండ్యాం ధనం న నిద్రాతి. భివండీలో డబ్బు పడుకోదు. సాంచె పన్నెండు గంటల షిఫ్టులు రెండు నడిస్తే, డబ్బు మూడు నడుస్తుంది. పొద్దున నూలుగా ఉంటుంది, మధ్యాహ్నానికి బీము మీద ఎక్కుతుంది, రాత్రికి గ్రే బట్టయి టెంపోలో పోతుంది, ఆ తర్వాత రెండు మూడు నెలలు సేటు దగ్గర ఉధారిగా మసలుతుంది. మిగిలిందేమైనా ఉంటే భిశీలో, అనగా చీటీలో, తిరుగుతుంది, లేదా అవ్వ మెడలో వేలాడుతుంది. బ్యాంకుకు అది చుట్టంచూపుగా వచ్చి, కరెంటు బిల్లు కట్టి, చెప్పకుండానే వెళ్లిపోతుంది. ఇలాంటి ఇంటి పాసుబుక్కు చూసి వీసా అధికారి అడిగే ప్రశ్న సహజమైందే: మీరు బతికేదెలా?

దీనికి మన మీమాంసాశాస్త్రంలో జవాబుంది. దేవదత్తుడు బలిసి ఉన్నాడు, పగలు తినడు. కాబట్టి రాత్రి తింటున్నాడని కల్పించుకోవాలి. దీన్ని అర్థాపత్తి ప్రమాణం అంటారు. అలాగే ఈ ఇంటి ఖాతా చిక్కి ఉంది. ఇద్దరు పిల్లల కాలేజీ ఫీజులు కట్టారు, పోయిన మాఘంలో పెండ్లి చేశారు, రెండు సాంచెలు కొత్తవి వేశారు. కాబట్టి డబ్బు ఎక్కడో ఉందని కల్పించుకోవాలి. కుమారిలభట్టు వెంటనే ఒప్పుకునేవాడు. వీసా కచేరీ కుమారిలుడి సంప్రదాయానిది కాదు, చార్వాకులది. ప్రత్యక్షం తప్ప మరేదీ ప్రమాణం కాదు. ఆ ప్రత్యక్షం మీద కూడా బ్యాంకు ముద్ర ఉండాలి. ఇంకో చిక్కు: భిశీ పాడుకొని, గొలుసు కుదువబెట్టి, మేనమామ దగ్గర చేబదులు తెచ్చి, వీసాకు ముందువారం ఒక్కసారిగా మూడు లక్షలు ఖాతాలో వేస్తే, అది కూడా చెల్లదు. అకస్మాత్తుగా బలిసిన దేవదత్తుణ్ని ఎవరూ నమ్మరు.

ఇందులో తమాషా ఏమిటంటే, లెక్కలు రాయడం లోకానికి నేర్పింది ఇటలీ వాళ్లే. లూకా పచోలి అనే సన్యాసి 1494లో వెనిస్‌లో అచ్చేసిన గణిత గ్రంథంలో జమాఖర్చుల జంటపద్దు విధానాన్ని వివరించాడు. అంతకుముందు ఆయన లెక్కలు బోధించిన ఊళ్లలో పెరూజా ఒకటి. వర్తకుడు ముందుగా దేవుణ్ని తలుచుకుని, తనకున్నదంతా, నగదు, నగలు, ఇల్లు, సరుకు, రావలసిన బాకీలు, ఒక జాబితాగా రాసుకోవాలని ఆయన ఉపదేశం. బాపు రాసి వీసా కచేరీకి తీసుకుపోయింది సరిగ్గా అలాంటి జాబితానే: సాంచెలు ఇన్ని, బీములు ఇన్ని, సేట్ల దగ్గర ఉధారి ఇంత, బంగారం ఇన్ని తులాలు. పైన ‘శుభ్ లాభ్’ అని కూడా ఉంది. పచోలి చదివితే ముగ్ధుడై, కూర్చోబెట్టి ఒక గ్లాసు వైను పోసేవాడు. కౌంటరులోని కుర్రాడు దాన్ని ముట్టుకోకుండానే వెనక్కి తోశాడు. ఇటలీ పాత పంతులు ఒప్పిన విద్యను ఇటలీ కొత్త కచేరీ ఒప్పదు. కనుక సిద్ధాంతం ఇది: ఇటలీ ప్రయాణానికి కావలసింది డబ్బు కాదు, పనీపాటా లేని డబ్బు. అది భివండీలో అన్నిటికన్నా అరుదైన సరుకు. పిల్ల పుట్టిన నాడే ఒక ఖాతా తెరిచి, అందులో వేసింది తండ్రికి గుర్తు రాకుండా మంత్రం వేయడం తప్ప వేరే ఉపాయం శాస్త్రాలలో లేదు.

వీసా గండం గడిచిందనుకుందాం. ఇటలీలో దిగాక, అక్కడ ఉండడానికి అనుమతి పత్రం కోసం ఎనిమిది పనిదినాల్లోపు దరఖాస్తు పెట్టాలి. ఎక్కడ? పోస్టాఫీసులో. దానికి స్టాంపు 16 యూరోలు, కార్డుకు 30.46, ఏడాది లోపు మకాముకు సర్కారు వారి రుసుము 40, తపాలా వారికి 30. కూడండి. నూట పదహారు యూరోల నలభై ఆరు సెంట్లు! తెలుగువాళ్లు గురువుగారికైనా, కొత్త పెండ్లికొడుక్కైనా చదివించేది నూట పదహార్లే కదా. రెండు నాగరికతలకూ లోతైన బంధం ఉందని అజంతాల ఆధారంగా వాదించే పండితులు ఈ రసీదు వైపు చూడకపోవడం విచారకరం. ఆ నలభై ఆరు సెంట్లు మాత్రం ప్రక్షిప్తం.

అక్కడి పన్ను శాఖ ఇచ్చే గుర్తింపు సంకేతం కూడా మన జాతక చక్రానికి దూరపు చుట్టమే. పదహారు అక్షరాంకాలు. ఇంటిపేరు నుంచి మూడు, పేరు నుంచి మూడు, పుట్టిన ఏడు, నెలకొక అక్షరం, పుట్టిన తేదీ, పుట్టిన చోటు. చివర సరిచూసుకోవడానికి ఒక అక్షరం. ఇండియాలో పుట్టిన వాళ్లందరికీ చోటు జెడ్ 222. ఆడవాళ్ల పుట్టిన తేదీకి మాత్రం నలభై కలుపుతారు. ఐదో తారీకున పుట్టిన పిల్ల ఇటలీ కాగితాల్లో నలభై ఐదో తారీకున పుడుతుంది. ఆ తిథికి నక్షత్రం ఏదో పద్మానగర్ అయ్యగారు చెప్పలేకపోయారు. సంకేతం ఉచితం కనుక బడ్జెటులో దీనికి పద్దు లేదు.

వైద్యానికి ఉంది. విదేశీ విద్యార్థి అక్కడి సర్కారీ ఆరోగ్య సేవలో చేరాలంటే 2024 నుంచి ఏడాదికి 700 యూరోలు. ఏడాది అంటే జనవరి నుంచి డిసెంబరు. సెప్టెంబరులో చేరినా అంతే, జ్వరం రాకపోయినా అంతే. ఒక్క సెమిస్టరుకు పోయేవాళ్లు ప్రైవేటు బీమాతో సరిపెట్టుకోవడం లాభమని భాష్యకారుడు కూడా, చాలా అరుదుగా, వ్యంగ్యం లేకుండా చెబుతున్నాడు.

పెట్టె సర్దడంలో స్మృతికారులు రెండు నిషేధాలు చెప్పారు. యూరప్ బయటి నుంచి మాంసమూ పాల పదార్థాలూ సామానులో తేకూడదు. అంటే నెయ్యి నిషిద్ధం. పచ్చి ఆకులకు, కాయలకు మొక్కల ఆరోగ్య పత్రం కావాలి. అంటే కరివేపాకు నిషిద్ధం. ఆ పత్రం అక్కర్లేనివి ఐదే: అనాస, కొబ్బరి, అరటి, ఖర్జూరం, దురియన్ అనే కంపుపండు. కొబ్బరికాయకు ఖండాంతర గౌరవం ఉందని విని అవ్వ రెండు ఎక్కువే పెట్టింది. ఎండిన కారప్పొడి, చింతపండు, మామిడి తొక్కు నిరభ్యంతరం, సీల్ చేసి ఉంటే. సకినాలు ధర్మశాస్త్ర రీత్యా శుద్ధం, భౌతికశాస్త్ర రీత్యా అసాధ్యం. బియ్యప్పిండి వలయాలు ముంబై సామాను బెల్టు మీద ఒకసారి, రోములో మరోసారి పడ్డాక వలయాలుగా ఉండవు. వాటిని పొడిగానే చేసి పంపమని పిల్ల అడిగింది. అవ్వ ఆ మాటను దైవదూషణ కింద జమకట్టింది.

అక్కడికి వెళ్లాక సంస్కృతి అధ్యయనానికి ఖర్చు తక్కువే. భాషకూ సంస్కృతికీ విదేశీయుల కోసమే పెట్టిన పాఠాలు పెరూజాలో 1921 నుంచీ నడుస్తున్నాయి. తరగతిలో పక్క బల్ల మీద ఏ దేశం పిల్లైనా ఉండొచ్చు. కాఫీ కౌంటరు దగ్గర నిలబడి తాగితే యూరో, చిల్లర. కూర్చుంటే, అదీ పేరున్న చౌరస్తాల్లో, దానికి ఎన్నో రెట్లు. కార్ఖానా గడపలో నిలబడి కటింగ్ చాయ్ తాగి పెరిగిన పిల్లకు ఈ నియమంలో కొత్త లేదు, కష్టం లేదు. ఒక ఆదివారం ఫ్లోరెన్స్ మీదుగా ప్రాతో పోవాలని శాస్త్రం ప్రత్యేకంగా విధిస్తుంది. అది బట్టల ఊరు. పాత ఉన్ని బట్టల్ని చీల్చి కొత్త బట్ట నేయడంలో పేరు పొందింది. ఇవాళ అక్కడి బట్టల పనిలో చైనా నుంచి వలస వచ్చినవాళ్లు వేలల్లో ఉన్నారు. 1410లో చనిపోయిన దతీనీ అనే ఆ ఊరి వర్తకుడి ఇంట్లో మెట్ల కింద దాదాపు లక్షా యాభై వేల ఉత్తరాలు, వందల కొద్దీ ఖాతా పుస్తకాలు దొరికాయి. దేవుడి పేరునూ లాభాన్నీ పక్కపక్కనే రాసుకున్నవాడు. బాపు ప్రయాణానికి చివరి ఆమోదం ఇచ్చింది ఈ ఊరి పేరు విన్నాకే. “ఆడి సాంచె నిమిషానికి ఎన్ని పిక్కులు ఏస్తదో అడుక్కరా బిడ్డా.” అంతటితో ప్రయోజనం కూడా తేలి, చతుష్టయం పూర్తయింది.

ఇక ఫలశ్రుతి బదులు ఒక విన్నపం. సెప్టెంబరు సెమిస్టరుకు వీసా కాగితాలు వేసవిలోనే ఇవ్వాలి. ఆనాటికి ఖాతాలో డబ్బు కొన్ని నెలలుగా కునుకు తీస్తూ కనబడాలి. కనుక పోయిన దీపావళికి ముందు తీసుకుపోయిన గ్రే బట్టకు పేమెంటు ఇంకా ఇవ్వని సేట్లందరూ సంక్రాంతి లోపు చెక్కు రూపంలో ఇచ్చుకోగలరని ప్రార్థన. నగదు వద్దు.