మర్యాదగా తడిమించుకోవడం ఎలా?

కూతురి పురుడు పోయడానికి శంషాబాద్ నుంచి డాలస్‌కో న్యూజెర్సీకో బయల్దేరే తల్లిదండ్రులకు, ఎమ్మెస్ సీటొచ్చిన పిల్లలకు సలహాలిచ్చేవాళ్లు వీధికి పదిమంది ఉన్నారు. టికెట్ ఎప్పుడు చౌకో చెబుతారు, ఆవకాయ కారకుండా ఎలా కట్టాలో చెబుతారు. విమానాశ్రయంలో ఒంటిమీద పరాయి చెయ్యి పడినప్పుడు ఎలా నిలబడాలో మాత్రం ఎవరూ చెప్పరు. ఆ లోటు తీర్చడానికే ఈ చిట్కాలు. అన్నిటి సారం ఒక్కటే: పెట్టె బరువు 23 కిలోలు దాటకూడదు, వెంట తెచ్చుకునే హక్కులు గ్రాము కూడా ఉండకూడదు.

1. ముందు మంచి పదవి చూసుకోండి

తనిఖీ తప్పించుకోవడానికి ఇంతకన్నా తేలిక మార్గం లేదు. మన విమానాశ్రయాల్లో ఎవరిని తడమకూడదో ఒక జాబితా ఉంది. రాష్ట్రపతి, ప్రధాని, గవర్నర్లు, ముఖ్యమంత్రులు, సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి... ఇలా సాగుతుంది. ఏ పదవీ లేని రాబర్ట్ వాద్రా పేరు కూడా అందులో ఉండేది. ఎస్పీజీ రక్షణ ఉన్న అత్తవారి కుటుంబంతో కలిసి వెళ్తే ఆయన్నీ సోదా చేయకూడదు. గొడవ పెద్దదయ్యాక 2015లో ఆ పేరు తీసేశారు. కాబట్టి పదవి దొరక్కపోతే మంచి సంబంధమైనా చూసుకోండి.

పదవి కూడా అన్నిచోట్లా పనిచేయదు. మాజీ రాష్ట్రపతి అబ్దుల్ కలాం గారిని 2009 ఏప్రిల్‌లో, అదీ ఢిల్లీలోనే, అమెరికా విమాన సంస్థ కాంటినెంటల్ సిబ్బంది తనిఖీ చేశారు. 2011 సెప్టెంబర్‌లో న్యూయార్క్‌లో ఆయన విమానమెక్కి కూర్చున్నాక కూడా వచ్చి కోటు, బూట్లు పట్టుకెళ్లారు. రెండుసార్లూ ఆయన కిమ్మనలేదు. మొదటిసారి ఆ సంస్థ, రెండోసారి అమెరికా ప్రభుత్వం క్షమాపణ చెప్పాయి. కలాం గారి సహనాన్ని మీరు ఆదర్శంగా తీసుకోండి. క్షమాపణ మాత్రం ఆశించకండి. దానికీ ఒక జాబితా ఉంది.

2. పాత భయాలకు విధేయులై ఉండండి

2001 డిసెంబర్‌లో పారిస్ నుంచి మయామి వెళ్లే విమానంలో రిచర్డ్ రీడ్ అనేవాడు బూట్లో దాచిన బాంబు అంటించబోయి దొరికిపోయాడు. 2006 ఆగస్టులో కూల్‌డ్రింక్ సీసాల్లో పేలుడు ద్రవాలు నింపి విమానాలు పేల్చాలన్న కుట్ర లండన్‌లో బయటపడింది. 2009 క్రిస్మస్ రోజున డెట్రాయిట్ విమానంలో ఇంకొకడు లోదుస్తుల్లోనే బాంబు పెట్టుకొచ్చాడు. మొదటివాడి పుణ్యాన బూట్లు విప్పాం. రెండోవాళ్ల పుణ్యాన నీళ్ల సీసా పారేసి, సీసాకు 100 మిల్లీలీటర్ల లెక్క నేర్చుకున్నాం. మూడోవాడి పుణ్యాన ఒళ్లంతా చూసే స్కానర్లో చేతులెత్తి నిలబడ్డాం.

ఇవేవీ కట్టుకథలు కావు. 1999 డిసెంబర్‌లో ఐసీ-814 విమానాన్ని కాందహార్‌కు ఎత్తుకుపోయిన రోజులు మనకూ గుర్తే. సీఐఎస్ఎఫ్ జవాన్లు మన విమానాశ్రయాల్లోకి వచ్చింది ఆ మరుసటి ఏడాదే. భయం నిజమైనది కాబట్టి ప్రశ్న అడగడానికి మొహమాటంగా ఉంటుంది. ఆ మొహమాటాన్ని జాగ్రత్తగా పెంచి పోషించండి. దాడి తర్వాత నియమం వచ్చేస్తుంది, ఆ నియమం ఎప్పటిదాకా అన్నది మాత్రం ఎవరూ రాయరు. అమెరికాలో 2006 నుంచి అందరిచేతా బూట్లు విప్పించి, 2025 జులైలో ఇక అక్కర్లేదన్నారు. ఆ 19 ఏళ్లలో అసలు ఏ ఏడాది నుంచి అక్కర్లేకుండా పోయిందో అడక్కండి. గుడి ముందు చెప్పులు విడిచినప్పుడు పూజారిని కారణం అడిగారా?

3. కష్టపడండి, ఫలితం అడక్కండి

2015లో అమెరికా హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ తన మనుషులనే మామూలు ప్రయాణికుల్లా పంపి, నకిలీ బాంబులు, ఆయుధాలు దాటించి చూసింది. 70 పరీక్షల్లో 67 సార్లు సరుకు దాటిపోయింది. విషయం పత్రికలకెక్కాక తనిఖీ సంస్థ టీఎస్ఏ తాత్కాలిక అధిపతిని ఆ కుర్చీలోంచి మార్చారు. ఇలాంటి వార్తలు చదివి మనసు పాడుచేసుకోకండి. మీ షాంపూ సీసా పట్టుకున్నారా లేదా? పట్టుకున్నారు. భద్రత ఉన్నట్టే. బ్రూస్ ష్నియర్ అనే భద్రతా నిపుణుడు దీన్నంతా నాటకమన్నాడు. అంటే అన్నాడు గానీ, టికెట్ కొన్నాక నాటకం మధ్యలో లేచి రావడం మర్యాద కాదు.

అమెరికాలో మొదట్లో పెట్టిన ఎక్స్‌రే స్కానర్లు మనిషి ఒంటిని బట్టలు లేనట్టే చూపించేవి. 2010లో జనం గోల పెట్టారు, థాంక్స్‌గివింగ్ ముందురోజు స్కానర్ వద్దందామని పిలుపిచ్చారు, పౌరహక్కుల సంఘం ఒకటి కోర్టుకెళ్లింది. స్కానర్లు రాజ్యాంగానికి విరుద్ధం కాదని 2011లో కోర్టు తేల్చింది. జనం అభిప్రాయం అడక్కుండా తేవడం మాత్రం తప్పంది. ఒంటి బొమ్మకు బదులు ఉత్త గీతల బొమ్మే కనపడాలని అమెరికా కాంగ్రెస్ చట్టం చేసింది. ఆ మార్పు చేతకాని యంత్రాలను 2013లో తీసేశారు. ఇంత రభస అవసరమా చెప్పండి? కళ్లు మూసుకుంటే సరిపోయేది. మీ కళ్లే.

4. మొహం సరిచేసుకుని రండి

మొహం చూసి ఉగ్రవాదిని పట్టేసే అధికారులను అమెరికా 2007 నుంచి విమానాశ్రయాల్లో దింపింది. 2013 నాటికి దానికి దాదాపు 90 కోట్ల డాలర్లు ఖర్చయ్యాయి. అది పనిచేస్తుందనడానికి తగిన ఆధారం లేదని, డబ్బు తగ్గించమని ఆ దేశపు ఆడిట్ సంస్థే ఆ ఏడాది రాసింది. వాళ్లు మార్కులు వేసుకునే కాగితం 2015లో బయటికొచ్చింది. అనుమానించదగ్గ లక్షణాలు: మరీ పెద్దగా ఆవులించడం, ఊరికే గొంతు సవరించుకోవడం, ఈల వేసుకుంటూ రావడం, అప్పుడే గడ్డం గీసినట్టు మొహం పాలిపోయి ఉండటం, తనిఖీ మీద అదేపనిగా ఫిర్యాదు చేయడం.

కాబట్టి శంషాబాద్‌లో అర్ధరాత్రి ఎక్కి, దోహాలో దిగి మళ్లీ ఎక్కి, ఇరవై నాలుగు గంటలు నిద్రలేకుండా దిగాక కూడా ఆవులించకండి. గడ్డం పెంచితే ఒక అనుమానం, గీస్తే ఇంకో అనుమానం కనుక సగం గీసుకోండి. చివరి లక్షణం మరీ ముఖ్యం: తనిఖీ బాగాలేదనడం కూడా తనిఖీ చేయడానికి కారణమే. ఇంత చక్కని ఏర్పాటులో లోపం వెతికేవాళ్లకు కళ్లు లేనట్టే.

5. ఒంటిమీద తేడా ఏదీ కనపడనీయకండి

2010 డిసెంబర్‌లో మన దేశ రాయబారి మీరా శంకర్‌ను మిసిసిపీలోని జాక్సన్ విమానాశ్రయంలో పక్కకు పిలిచి ఒళ్లంతా తడిమారు. ఆమె చీర కట్టుకుంది. రాయబారినని చెప్పినా లాభం లేకపోయింది. అప్పట్లో ఐక్యరాజ్యసమితిలో మన ప్రతినిధిగా ఉన్న హర్‌దీప్ పురిని హ్యూస్టన్‌లో తలపాగా విషయంలో ఆపారు. వదులు బట్టలు, తలకు చుట్టినవి విడిగా చూస్తామన్నది అక్కడి నియమం. నియమం అందరికీ ఒకటే. అది తగిలే ఒళ్లే వేరు. కాబట్టి అమ్మలారా, ఆరు గజాలు పెట్టెలో పెట్టి, మిసిసిపీలో పుట్టినవాళ్లలా రండి.

చీరంటే మార్చుకోవచ్చు, కాలు? తెలుగువాళ్లకు ‘మయూరి’గా తెలిసిన సుధా చంద్రన్ ప్రమాదంలో కాలు పోయాక జైపూర్ కాలుతో మళ్లీ నాట్యం చేసింది. ఆ కథే మన సినిమా అయింది. సినిమాకు చప్పట్లు కొట్టాం. మన విమానాశ్రయాల్లో మాత్రం ఆమె వెళ్లినప్పుడల్లా ఆ కృత్రిమ కాలు ఊడదీసి చూపించమన్నారు. పేలుడు పదార్థాల ఆనవాళ్లు పట్టే పరికరంతో పైనుంచే చూడండని ఆమె బతిమాలింది. 2021 అక్టోబర్‌లో ప్రధానినుద్దేశించి వీడియో పెట్టాక సీఐఎస్ఎఫ్ క్షమాపణ చెప్పింది. మీకూ కృత్రిమ కాలుంటే, ముందుగా ఒక సినిమాలో నటించి ఉంచుకోండి.

6. పేరు విషయంలో ముందే జాగ్రత్తపడండి

సెనేటర్ ఎడ్వర్డ్ కెన్నెడీ తెలియని అమెరికన్ లేడు. 2004లో ఆయన్నే పదేపదే ఆపారు. అనుమానితుల జాబితాలో అలాంటి పేరే ఇంకోటి ఉందట. బయటపడటానికి అంతటి మనిషికే వారాలు పట్టింది. స్టాన్‌ఫర్డ్‌లో చదువుకునే ఒక మలేషియా విద్యార్థినిని 2005లో విమానం ఎక్కనీయకుండా సంకెళ్లు వేశారు. ఎఫ్‌బీఐ అధికారి ఒక ఫారంలో టిక్కులు తప్పు గడుల్లో పెట్టడమే కారణమని కోర్టు తేల్చేసరికి 2014 వచ్చింది. ఇక ఇంటిపేరు ముందో వెనకో తెలియని, పాస్‌పోర్టులో ఒకలా, పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒకలా ఉన్న మన పేర్ల సంగతి చెప్పాలా? పొరపాటు వాళ్లదే అయినా దిద్దుకునే పని మీదే. బారసాల నాడే ఆలోచించాల్సింది.

7. ఫోను తెరిచి చేతికివ్వండి

“నా దగ్గర దాచడానికేముంది?” ఈ మంత్రం వంద సార్లు జపించండి. 2014లో అమెరికా సుప్రీంకోర్టు, అరెస్టయిన మనిషి ఫోనైనా సరే వారెంటు లేకుండా పోలీసులు తెరవకూడదంది. సరిహద్దులో లెక్క వేరు. అక్కడ వారెంటు అక్కర్లేదని 2021లో బోస్టన్ అప్పీళ్ల కోర్టు చెప్పింది. అంటే, నేరం చేసి పట్టుబడ్డవాడి ఫోనుకున్న రక్షణ, మనవణ్ణి చూడటానికొచ్చిన తాతగారి ఫోనుకు లేదు.

2024 ఆర్థిక సంవత్సరంలో అలా తెరిచినవి దాదాపు 47 వేలు. వచ్చేపోయేవాళ్లలో ఇది తొమ్మిది వేలమందికి ఒకరి లెక్కే. ఆ ఒకరు మీరు కాదు కాబట్టి హాయిగా ఉండండి. మీరైతే మాత్రం ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో బాబాయి ఫార్వర్డు చేసినవన్నీ ఎందుకు తుడిచేయలేదో వివరించడానికి సిద్ధంగా ఉండండి. విద్యార్థులకు ఈ శ్రమ కూడా తగ్గింది. 2025 జూన్ నుంచి వీసాకు ముందే సోషల్ మీడియా ఖాతాలన్నీ అందరికీ కనపడేలా తెరిచి పెట్టమన్నారు. అభిప్రాయాలు లేకుండా ఇరవై రెండేళ్లు రావడం కష్టమేమీ కాదు. మన కాలేజీలు ఆ శిక్షణ ఇస్తూనే ఉన్నాయి.

8. మొహాన్ని ఉచితంగా ఇచ్చేయండి

మనదగ్గర డిజి యాత్ర 2022 డిసెంబర్‌లో మొదలై హైదరాబాద్, విజయవాడలకూ వచ్చింది. మొహం చూపిస్తే గేటు తెరుచుకుంటుంది. దీన్ని నడిపే ఫౌండేషన్‌లో ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ వాటా 26 శాతం, మిగతాది విమానాశ్రయ కంపెనీలది. వివరాలు ఫోనులోనే ఉంటాయని, విమానాశ్రయం దగ్గరున్నవి 24 గంటల్లో చెరిపేస్తారని చెబుతున్నారు. చెప్పారు కదా, చాలు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది సుప్రీంకోర్టు న్యాయమూర్తులు ఒక్కమాటగా చెప్పారు. పెద్దవాళ్లు ఎన్నో చెబుతారు. అవతల క్యూ తక్కువగా ఉంది. పాస్‌వర్డు పోతే మార్చుకోవచ్చు, మొహం పోతే ఏం చేస్తామని అడిగేవాళ్లను వరసలో మీ వెనక్కి పంపండి.

9. ఈ కింది సంగతులు పొరపాటున కూడా గుర్తుంచుకోకండి

అమెరికాలో స్కానర్ వద్దని, చేత్తోనే చూడమని మామూలుగా అడగొచ్చు. తడిమేవాళ్లు మగవాళ్లకు మగవాళ్లు, ఆడవాళ్లకు ఆడవాళ్లే అయి ఉండాలి. చాటుగా, తోడొకరిని ఉంచుకుని చేయించుకోవచ్చు. టీఎస్ఏ కెమెరాకు మొహం చూపనని, గుర్తింపు కార్డు చూసుకోమని చెప్పొచ్చు. సరిహద్దు అధికారులు ఫోనులో ఉన్నదే చూడాలి గానీ, ఇంటర్నెట్‌లో దాచినది కాదు. పాస్‌వర్డు చెప్పనంత మాత్రాన అమెరికా పౌరుణ్ణి దేశంలోకి రాకుండా ఆపలేరు, ఫోను మాత్రం ఉంచేసుకోవచ్చు. వీసా మీద వచ్చినవాళ్లను వెనక్కి పంపనూ వచ్చు కనుక, వాళ్లు ఏదైనా అనేముందు ఆలోచించుకోవాలి. పేరు తికమకలకు హోంల్యాండ్ సెక్యూరిటీకే ఫిర్యాదు చేసే దారి ఉంది. మనదేశంలో ఆడవాళ్లను తెర చాటున ఆడ సిబ్బందే చూడాలి. డిజి యాత్ర ఐచ్ఛికం. మామూలు గుర్తింపు కార్డుతో లోపలికి వెళ్లొచ్చు.

ఇవి గుర్తుంటే నోరు దురదపెడుతుంది. ఎవరినీ వెతకొద్దని ఎవరూ అనడం లేదు. ఎందుకు, ఎంతవరకు, ఎవరిని, ఎన్నాళ్లు అని మాత్రమే కొందరు అడుగుతున్నారు. ఆ కొందరితో వచ్చిన తంటా ఏమిటంటే, ఒంటిని బట్టలు లేనట్టు చూపే యంత్రాలను పంపించేసింది వాళ్లే, తప్పు జాబితా నుంచి పేరు తీయించిందీ వాళ్లే, జవాన్ల చేత క్షమించమనిపించిందీ వాళ్లే. పైగా వాళ్లు సాధించినది అడగనివాళ్లకూ సమానంగా అందుతుంది. కాబట్టి మీరు నిశ్చింతగా నోరు మూసుకుని, చేతులు పైకెత్తి నిలబడండి. మీ తరఫున అడిగేవాళ్లు మిగిలి ఉన్నంతకాలం మీకే ఇబ్బందీ రాదు.