రెండే రెండు పాటలు

నన్ను వేలంపాటలో పెట్టింది రెండేసార్లు, 1878లో ఒకసారి, 2010లో మరోసారి. రెండూ లండన్‌లోనే. మధ్యలో 132 ఏళ్లు ఒకే కుటుంబం దగ్గర ఉన్నాను. పేరున్న పటాలకు ఇంత నిలకడైన కాపురం దొరకదు. అప్పుల్లో పడ్డ ప్రభువు వ్యాపారికి అమ్ముతాడు, వ్యాపారి కొత్తగా డబ్బు చేసుకున్నవాడికి అమ్ముతాడు. చెయ్యి మారిన ప్రతిసారీ ఎవడో ఒకడు "కాస్త మెరుగుపెడదాం" అంటూ దూదీ ద్రావకం పట్టుకుని కూర్చుంటాడు. నాకు ఆ గండం తప్పింది. చివరికి పలికిన ధరలో సగం దానికేనని నా అభిప్రాయం.

నన్ను వేసినవాడు ఇంగ్లిష్ చిత్రకారుడు జె.ఎం.డబ్ల్యు. టర్నర్. నా పేరు 'నవీన రోమ్ – కాంపో వచ్చీనో'. కాంపో వచ్చీనో అంటే పశువుల మైదానం. మీరు చరిత్ర పుస్తకాల్లో చదువుకున్న రోమన్ ఫోరం అదే. సామ్రాజ్యం పోయాక శతాబ్దాల తరబడి మట్టీ చెత్తా పేరుకుని, స్తంభాలు సగందాకా పూడిపోయాయి. పైన గడ్డి మొలిచింది. ఊరివాళ్లు పశువుల్ని తోలుకొచ్చి సంత పెట్టారు. సీజర్ల నేలకు పశువుల పేరు స్థిరపడిపోయింది.

రోమ్ బొమ్మను కదా అని రోమ్‌లోనే పుట్టాననుకునేరు. టర్నర్ అక్కడికి 1819లో వెళ్లాడు, 1828లో మళ్లీ వెళ్లాడు. నన్ను లండన్‌లో పూర్తిచేసి 1839లో రాయల్ అకాడమీ ప్రదర్శనకు పెట్టేనాటికి ఆ రెండో ప్రయాణం జరిగి పదేళ్లు దాటింది. ఆయనకు అరవై నాలుగేళ్లు. ఎదురుగా ఉన్నది చూసి వేసిన బొమ్మను కాను, గుర్తున్నది తలచుకుని వేసిన బొమ్మను. అందుకే నాలో రాయి కూడా రాయిలా ఉండదు. క్యాపిటల్ కొండ మీద నిలబడ్డట్టు చూడాలి నన్ను. ఎడమవైపు చంద్రుడు పైకొస్తుంటాడు, కుడివైపు కొండ వెనక సూర్యుడు దిగిపోతుంటాడు. ఆ రెండు వెలుగుల మధ్య కొలోసియమూ చర్చీలూ విరిగిన స్తంభాలూ కరిగిపోతున్నట్టుంటాయి. ముందు మాత్రం మేకలు, వాటిని కాసేవాళ్లు. సామ్రాజ్యం సంగతి వాళ్లకేం పడుతుంది, చీకటిపడేలోగా మందను మళ్లించుకోవాలి.

ఆ ప్రదర్శనలో నాకో తోడు ఉండేది, 'ప్రాచీన రోమ్'. రోమన్ సేనాని జెర్మానికస్ అస్థికలతో ఆయన భార్య అగ్రిప్పీనా ఒడ్డున దిగే దృశ్యం. అది టర్నర్ దగ్గరే ఉండిపోయింది. 1851లో ఆయన పోయాక వీలునామా ప్రకారం దేశానికి దక్కింది, ఇప్పుడు టేట్ గ్యాలరీ సొత్తు. అదే ఏడు, అదే ప్రదర్శనలో 'ఫైటింగ్ టెమరేర్' కూడా ఉంది. ముసలి యుద్ధనౌకను చిన్న ఆవిరిపడవ లాక్కెళ్లే బొమ్మ. దాన్ని టర్నర్ ఎవరికీ అమ్మలేదు. ఇప్పుడది బ్రిటన్ ఇరవై పౌండ్ల నోటు మీద టర్నర్ ముఖం వెనక కనబడుతుంది. ఒక తోడు ప్రజల ఆస్తి అయింది, ఇంకొకటి ఏకంగా కరెన్సీ మీదికే ఎక్కింది. బజారుకు వెళ్లింది నేనే.

మొదట టర్నర్ స్నేహితుడైన మన్రో ఆఫ్ నోవర్ అనే స్కాట్లండ్ భూస్వామి దగ్గర ఉన్నాను. ఆయన పోయాక ఆయన సేకరణను క్రిస్టీస్ అనే వేలం సంస్థలో పాటకు పెట్టారు. 1878 ఏప్రిల్. అప్పటికి రోజ్‌బెరీ ప్రభువుకు హానా రోత్‌షీల్డ్‌తో పెళ్లయి నెల తిరగలేదు. కొత్త పెళ్లికొడుకు చెయ్యి ధారాళంగా ఉంటుంది కదా, 4,450 గినీలకు నన్ను పాడుకున్నాడు. గినీ అంటే పౌండు మీద ఒక షిల్లింగు ఎక్కువ. బొమ్మలకూ పందెపు గుర్రాలకూ ఆ లెక్క, కూరగాయలకు కాదు! ఆయన తరవాత 1894లో ప్రధానమంత్రి కూడా అయ్యాడు. నాకు దానివల్ల ఒరిగిందేమీ లేదు.

నాకు ఒరిగింది వేరే. కాన్వాసు పాతబడితే వెనక ఇంకో గుడ్డ అంటించడం చాలాకాలం మామూలు వైద్యం. జిగురు రాసి, వేడి ఇస్త్రీపెట్టెతో అదిమేవారు. గుడ్డ గట్టిపడేది, కానీ చిత్రకారుడు గుబ్బలుగా పెట్టిన రంగు అణిగిపోయేది. టర్నర్ బొమ్మలకు ఇది మరీ ప్రాణాంతకం. ఆయన చివర్లో అతిపల్చని పూతలు వేసేవాడు, నూనెలోకి ఏవేవో జిగుళ్లు కలిపేవాడు. వార్నిష్ తుడవబోతే దానితోపాటు ఆ పూతా ఊడివచ్చేది. అలా సాయంత్రం వెలుగు పోగొట్టుకుని మధ్యాహ్నంలా మిగిలిన బొమ్మలున్నాయి. నా వెనక మాత్రం టర్నర్ వాడిన గుడ్డే ఉంది, రెండో గుడ్డ పడలేదు. చుట్టూ ఉన్నది ఆనాటి చట్రమే.

ఈలోగా అసలు ఫోరంను వదల్లేదు. 1870లో రోమ్ ఇటలీ రాజ్యంలో కలిశాక తవ్వకాలు జోరందుకున్నాయి. 1898 నుంచి జాకొమో బోనీ అనే పురావస్తువేత్త పొర వెంట పొర తవ్వించుకుంటూ పోయాడు. విద్య పెరిగింది, కాదనను. కానీ పశువుల మైదానం మాయమైంది. ఈరోజు అక్కడ టికెట్టు కొని దిగేది మట్టి కింద నుంచి తీసిన ప్రాచీన రోమ్‌లోకి. మేకలు తిరిగిన రోమ్ కావాలంటే నాబోటి బొమ్మల్లోనే వెతుక్కోవాలి.

1978 నుంచి ఎడిన్‌బరోలోని జాతీయ గ్యాలరీలో అరువు మీద వేలాడాను. 2010 జులై 7న లండన్ సోథ్‌బీస్‌లో రెండో పాట. మీ ఊళ్లో చెరువు చేపల పాట చూసినవారికి అక్కడి తంతు చప్పగా అనిపిస్తుంది. కేకల్లేవు, మీసం మెలెయ్యడాల్లేవు. చెయ్యి కాస్త కదిలితే లక్షల పౌండ్లు. ముందుగా కట్టిన అంచనా కోటీ ఇరవై లక్షల నుంచి కోటీ ఎనభై లక్షల పౌండ్లు. సుత్తి పడింది రెండు కోట్ల అరవై అయిదు లక్షల దగ్గర. దానిమీద పాడుకున్నవారు వేలం సంస్థకు కట్టే రుసుము కలిపితే 2,97,21,250 పౌండ్లు. అప్పటి మారకంలో రెండు వందల కోట్ల రూపాయల పైమాటే. అప్పటిదాకా ఏ టర్నర్ బొమ్మా వేలంలో అంత పలకలేదు. పాడించుకున్నది లాస్ ఏంజెలెస్‌లోని గెట్టీ మ్యూజియం, ఒక లండన్ వ్యాపారి ద్వారా.

బ్రిటన్ వెంటనే పోనివ్వలేదు. ముఖ్యమైన కళాఖండం దేశం దాటాలంటే అనుమతి కావాలి. దేశంలోనే ఎవరైనా అదే ధరకు కొనుక్కుంటారేమోనని ఆ అనుమతిని కొన్ని నెలలు ఆపుతారు. ఎవరూ రాలేదు. నేను నొచ్చుకోలేదు. టర్నర్ వదిలిపోయిన నూనెరంగుల బొమ్మలే మూడు వందల దాకా ఆ దేశం చేతిలో ఉన్నాయి, ఇంకొకదానికి అంత డబ్బు పొయ్యమంటే పన్ను కట్టేవాడు ఊరుకుంటాడా? 2011లో సముద్రం దాటాను.

లాస్ ఏంజెలెస్ చుట్టుపక్కల తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. వేసవికి అమ్మానాన్నలు వస్తే డిస్నీలాండ్‌కూ యూనివర్సల్ స్టూడియోస్‌కూ తిప్పుతారు, అక్కడ జేబు ఖాళీ. ఒక పూట గెట్టీ సెంటర్‌కు కూడా తీసుకురండి. కొండ కింద కారు పెట్టి చిన్న రైల్లో పైకి రావాలి. కారు నిలిపినందుకే డబ్బు, బొమ్మలు చూడటానికి పైసా అక్కర్లేదు. సోమవారం మాత్రం సెలవు.