ఇంజిన్ ఒక్కటే: పానాప్రకాశికా వ్యాఖ్యాసహితం

మూలం

“అన్నయ్యా, బండి బంగారం. ఇంజిన్ ఒక్కటే మార్చాలి. రెండు వీకెండ్ల పని.”

అవతారిక

ఇది మా తోడల్లుడి వాక్కు. సియాటిల్ పక్కన బాథెల్‌లో తన గరాజు ముందు నిలబడి, అప్పుడే ఇంటికి లాక్కొచ్చిన 1987 నాటి సుబారు జీఎల్ స్టేషన్ వ్యాగన్ బానెట్ మీద చెయ్యి వేసి, జూలై మొదటి శనివారం సాయంత్రం సెలవిచ్చాడు. విన్నవాళ్లం ముగ్గురం: నేను, మా మరదలు, పక్కింటి కుక్క. మరదలు మారుమాట్లాడకుండా లోపలికి వెళ్లిపోయింది. కుక్క వెనక టైరు దగ్గర తన అభిప్రాయం వెలిబుచ్చి వెళ్లింది. వ్యాఖ్యానం నా నెత్తిన పడింది.

సూత్రమన్నాక అక్షరాలు తక్కువగా ఉండాలి, సందేహానికి తావుండకూడదు అంటారు పెద్దలు. మొదటి లక్షణం దీనికి నిండుగా ఉంది.

ప్రతిపదార్థం

అన్నయ్యా = ఓ పెద్ద తోడల్లుడా (టార్చిలైటు పట్టువాడా అని భావం); బండి = నాలుగు చక్రాలకూ శక్తి వెళ్లునట్టి వ్యాగన్; బంగారం = తుప్పు తక్కువగా ఉన్నది; ఇంజిన్ = కిందికి చమురు కార్చుచున్నట్టిది; ఒక్కటే = ముందు వివరింపబడును; మార్చాలి = నేను మార్చెదను, నీవు చూడుము; రెండు = అనేకములగు; వీకెండ్ల = పిల్లల పుట్టినరోజులకు వెళ్లవలసిన దినములయొక్క; పని = ఇంటిది కానిది.

“బండి బంగారం” అన్నచోట ముఖ్యార్థం పొసగదు గనక లక్షణ. తూర్పు రాష్ట్రాల్లో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు గుమ్మరిస్తారు. ఆ ఉప్పు తిన్న బండ్ల అడుగుభాగం అప్పడంలా విరుగుతుంది. ఇటు పడమటి వైపు అంత ఉప్పు పడదు. అందుకే ముప్పై ఏళ్లు దాటిన వ్యాగన్లు ఇక్కడ ఇంకా తిరుగుతున్నాయి. అనుప్రాస కోసం కూడా ఆ మాట వాడాడేమో అన్న అనుమానం నాకు లేకపోలేదు.

బండి: వ్యుత్పత్తి, జాతకం

సుబారు అంటే జపాను భాషలో కృత్తికా నక్షత్రం. మనం పిల్లలకోడి అంటాం. బండి ముఖాన ఉన్న గుర్తులో చుక్కలు ఆరు, ఒకటి పెద్దది, అయిదు చిన్నవి. అచ్చంగా కోడీ పిల్లలూ. 1953లో ఏర్పడిన ఫుజీ హెవీ ఇండస్ట్రీస్‌లో అయిదు కంపెనీలు కలిసిపోయాయి, ఆ లెక్కనే ఆరు చుక్కలని కంపెనీవారి వివరణ. నాకు మాత్రం కుమారస్వామికి పాలిచ్చిన ఆరుగురు తల్లులే కనపడతారు. పైగా కృత్తికకు అధిదేవత అగ్ని. నాలుగు సిలిండర్లలో నిత్యాగ్నిహోత్రం జరిపే వస్తువుకు ఇంతకన్నా తగిన పేరు మన పురోహితుడు కూడా పెట్టలేడు.

శంక: పుట్టింట ఈ మోడలు పేరు లియోనె. ఇటాలియన్‌లో సింహం. కృత్తికలో పుడితే మేషరాశో వృషభరాశో కావాలి గానీ సింహమెలా అవుతుంది?

సమాధానం: అమెరికాకు రాగానే ఆ పేరు పీకేసి జీఎల్ అని రెండు అక్షరాలు మిగిల్చారు. ఇక్కడికొచ్చిన మనవాళ్లలో చాలామందికి జరిగేదే. దోషపరిహారమైంది.

ఈ వంశానికి మూలపురుషుడు విద్యుత్ శాఖ పుణ్యమా అని పుట్టాడు. ఉత్తర జపాను కొండల్లో మంచు పడ్డప్పుడు కరెంటు తీగలు చూసుకునే తోహోకు విద్యుత్ సంస్థవారు, జీపుల్లో తిరిగి ఒళ్లు హూనమై, కారులా సుఖంగా ఉండి జీపులా ఎక్కే బండి కావాలని అడిగారు. అక్కణ్ణుంచి 1972లో నాలుగు చక్రాలూ లాగే లియోనె వ్యాగన్ వచ్చింది. ఆ వంశలక్షణం మా వాడి బండిలోనూ ఉంది: సీట్ల మధ్య ఒక పొట్టి కర్ర. మామూలుగా ముందు చక్రాలే లాగుతాయి. కర్ర లాగితే నాలుగూ. ఇంకా లాగితే నాలుగూ నెమ్మదిగా, ఏనుగు బలంతో. పొడి తారురోడ్డు మీద మాత్రం ఆ కర్ర ముట్టుకోకూడదు. మలుపులో ముందు చక్రాల దారి వేరు, వెనక చక్రాల దారి వేరు; మధ్యలో సర్దిచెప్పే డిఫరెన్షియల్ ఈ బండిలో లేదు. కొత్త తరం వాటిలో ఉంది, కానీ అమెరికాకు వచ్చిన వాటిలో ఆ నెమ్మది గేరు లేదు. ఈ ఒక్క కర్ర కోసమే పాత గేరుబాక్సు ఉంచాలన్నాడు మా వాడు. కష్టాలన్నీ అక్కణ్ణుంచే.

ఇంజిన్: వెళ్లేది, వచ్చేది

వెళ్లేది ఈఏ82. 1781 సీసీ. పిస్టన్లు నిలబడవు, పడుకుంటాయి. రెండు ఇటు, రెండు అటు, ఎదురెదురుగా గుద్దులాడుతున్నట్టు. అందుకే బాక్సర్ అన్నారు. టైమింగ్ బెల్టులు రెండు. రెండో దాన్ని మార్చడానికి మొదటిదాన్ని విప్పాలి, విప్పాక అదీ మార్చాల్సిందే అనిపిస్తుంది. కొత్తలో దీని శక్తి తొంభై గుర్రాల లోపు. ఇప్పుడు అందులో కొన్ని గుర్రాలు పదవీ విరమణ చేశాయి.

వచ్చేది ఈజే22. 2212 సీసీ, 130 గుర్రాలు, బెల్టు ఒకటే. ఆ బెల్టు దారిలో తెగినా కవాటాలూ పిస్టన్లూ ఢీకొనవు. బండి ఆగుతుందంతే, కొంప మునగదు. దాత 1992 మోడలు లెగసీ. వెనకనుంచి ఎవరో గుద్దితే డిక్కీ వెనక సీటు దాకా వచ్చింది గానీ గుండె చెక్కుచెదరలేదు. లెగసీ అంటే వారసత్వం గనక, సింహానికి వారసత్వం దక్కిందని చమత్కారం.

కొన్ని ప్రతులలో ఈజే25 అని పాఠాంతరం. శక్తి ఎక్కువే. కానీ ఆ ఇంజిన్లలో తొలి తరాలవి హెడ్ ప్యాకింగు దగ్గర పేరు పోగొట్టుకున్నాయి. ప్రామాణికులు 22నే ఆదరించారు.

రెండూ బాక్సర్లే, రెండూ ముందు ఇరుసుకు ముందుగా పొడుగ్గా కూర్చునేవే. అంటే సవర్ణాలు. సవర్ణాలు కలిస్తే దీర్ఘం వస్తుందని ఆరో తరగతిలోనే చెప్పారు. పని దీర్ఘమవుతుందని అప్పుడు అర్థం కాలేదు.

ఒక్కటే

ఈ సూత్రానికి ప్రాణం ఇక్కడుంది. ఒక్కటి + ఏ. ఇత్వసంధి. చివరి “ఏ” అవధారణార్థకం, తక్కినవన్నీ అక్కర్లేదని తోసిపుచ్చేది. ఈ ఒక్క అచ్చును నమ్మి మా మరదలు జూలైలో గరాజు ఖాళీ చేసి ఇచ్చింది.

వ్యాకరణంలో ఆగమం మిత్రుడిలా వచ్చి పక్కన చోటు చూసుకుంటుంది, ఆదేశం శత్రువులా వచ్చి ఉన్నవాణ్ణి లేపి తాను కూర్చుంటుంది అని మా మాస్టారు చెప్పేవారు. ఇంజిన్ మార్చడం ఆదేశం. ఆదేశమయ్యాక కొత్తది స్థానివత్తుగా ఉండాలి, అంటే చుట్టుపక్కలవాళ్లు పాతదే ఉందనుకోవాలి. గేరుబాక్సు అలా అనుకోలేదు. కొత్త ఇంజిన్ వెనక బోల్టుల అమరిక వేరు, గేరుబాక్సు నోటి అమరిక వేరు. మధ్యలో వేలెడు మందం లేని అల్యూమినియం పలక ఒకటి పెట్టాలి. ఒక వరస రంధ్రాలు ఇంజిన్‌కు, ఒక వరస గేరుబాక్సుకు. ఇది ఆగమం. సరే, ఒకటి రెండైంది.

ఆగమం వచ్చి కూర్చునేసరికి ఇంజిన్ ఆ మందం మేరకు ముందుకు జరిగింది. ముందున్న రేడియేటర్‌కు ఊపిరాడలేదు. పాత ఫ్యాను పోయి పల్చని కరెంటు ఫ్యానులు వచ్చాయి. ఫ్లైవీల్ పాతదే ఉండాలి, ఎందుకంటే దాని పళ్లే పాత సెల్ఫ్ మోటారు ఎరుగును. కానీ కొత్త క్రాంక్‌కు బిగియాలంటే దానికి వేరే రంధ్రాలు కొట్టించాలి, నడిమధ్యన, వెంట్రుకవాసి తేడా లేకుండా. పాత పెట్రోలు పంపు కార్బురేటర్‌కు గ్లాసులో మంచినీళ్లు పోసినట్టు రెండు మూడు పీఎస్‌ఐ ఒత్తిడితో పోసేది. కొత్తదాని ఇంజెక్టర్లు ముప్పై ఆరు అడుగుతాయి. కనుక పంపు. పంపు మారితే గొట్టాలు. గొట్టాలకు క్లిప్పులు. సైలెన్సర్ గొట్టం కోసి అతకడం. “ఏ” అన్న అవధారణ ఇన్నిటినీ తోసిపుచ్చింది; అన్నీ పక్క గుమ్మంలోంచి లోపలికొచ్చాయి.

కొత్త ఇంజిన్ పాత గేరుబాక్సు: వైరిసమాసం. వైరి అన్నాను గనక వైరింగు.

లెగసీ నుంచి ఊడదీసిన తీగల గుత్తిని భోజనాల బల్ల మీద పరిస్తే, చాలక అంచుల నుంచి జడలా వేలాడింది. అందులో ఇంజిన్‌కు సంబంధించినవి ఉంచి, దీపాలవీ అద్దాలవీ హారన్‌వీ ఏరిపారెయ్యాలి. నల్ల టేపు ఊడదీస్తుంటే పాతికేళ్లు దాటిన గమ్ము వేళ్లకు పనసపాలలా అంటుకుంది. మా వాడు ఒక్కో తీగకూ కాగితపు టేపు చుట్టి తెలుగులో రాశాడు: “నీళ్ల వేడి”, “గాలి లెక్క”, “ఇంజెక్టరు 3”. కొన్నిటి మీద “ఇదేంటి?” అని ఉంది. అలాంటివి మొదట పదకొండు. మూడు వారాలు అందరం ఒళ్లో కంచాలు పెట్టుకుని తిన్నాం. ఒకనాడు పులిహోరలో ఎర్ర తీగ తునక వస్తే ఎండుమిరపకాయనుకుని పక్కన పెట్టాను. చెయ్యి కడుక్కునేటప్పుడు గానీ తెలియలేదు. మరదలికి చెప్పలేదు.

రెండు వీకెండ్ల

ద్విగు సమాసం. రెండు, వీకెండు అన్నచోట యమకం కాబోయి ఆగిపోయింది. ఇంతకు మించి ఈ పదబంధంలో నిజమేమీ లేదు.

ధర్మశాస్త్ర విశేషం

కాలిఫోర్నియాలో అయితే, వేసే ఇంజిన్ బండి మోడలు సంవత్సరానిదో అంతకన్నా కొత్తదో కావాలి, దాని పొగ నియంత్రణ సరంజామా మొత్తం వెంట రావాలి, రెఫరీ అనే పెద్దమనిషి చూసి తలూపాలి. పెళ్లికొడుకు పెళ్లికూతురికన్నా చిన్నవాడై ఉండాలన్న నియమం నేను ఇంకెక్కడా వినలేదు. వాషింగ్టన్ రాష్ట్రం 2020 నుంచి పొగ పరీక్షలే మానేసింది. అయినా మా వాడు కెటాలిటిక్ కన్వర్టర్‌నూ ఆక్సిజన్ సెన్సర్‌నూ వదలకుండా తెచ్చి బిగించాడు. చట్టానికి భయపడి అనుకున్నాను. ఆ సెన్సరు మాట్లాడకపోతే ఇంజిన్‌ను నడిపే కంప్యూటరు అలుగుతుందట.

ఛందోవిశేషం

కంప్యూటరు అలకను తెలుసుకునే మార్గముంది. దానితోపాటు వచ్చిన తీగల్లో రెండు జతల కనెక్టర్లు, ఆకుపచ్చవి, నల్లవి. నల్లజత కలిపి తాళం తిప్పితే చెక్ ఇంజిన్ లైటు మెరుస్తుంది: పొడుగు మెరుపులు పదులు, పొట్టి మెరుపులు ఒకట్లు. మా వాడు కాగితం మీద అంకెలు వేసుకుంటున్నాడు. నాకేమో గురులఘువులు కనపడుతున్నాయి.

మొదటిసారి సెల్ఫ్ కొడితే ఇంజిన్ తిరిగిందే గానీ అంటుకోలేదు. లైటు ఒక గురువు, ఒక లఘువు. హగణం అన్నాను. పదకొండు అన్నాడు. క్రాంక్ ఎక్కడిదాకా తిరిగిందో చెప్పే సెన్సరు మాట అందడం లేదని అర్థం. వెతికితే, దాని తీగ “ఇదేంటి?” చీటీల్లో ఒకటిగా బల్ల కింద దొరికింది.

అది కలిపాక, నవంబరులో, కార్తీక పౌర్ణమికి రెండు రోజుల ముందు, బండి అంటుకుంది. చంద్రుడు కృత్తిక దగ్గర నిండుతాడనే ఆ నెలకు ఆ పేరు. ఇంతకన్నా మంచి ముహూర్తం లేదని నేను వివరిస్తుంటే, మా వాడు చెవి బానెట్‌కు ఆనించి “ష్” అన్నాడు. మెత్తగా, కుదురుగా, పిల్లి గురకలా ఉంది చప్పుడు. మరదలు గుమ్మంలోకి వచ్చి చేతులు కట్టుకుని నిలబడి, “ఇక బల్ల తుడుచుకోవచ్చా?” అంది.

వీధి చివరిదాకా వెళ్లొచ్చేసరికి మళ్లీ లైటు. ఈసారి మూడు గురువులు, మూడు లఘువులు. మగణం, నగణం! రెండు నిండు గణాలు! నేను తొడ చరిచాను. మా వాడి మొహం మాడింది: ముప్పై మూడు. అంటే బండి ఎంత వేగంగా పోతోందో కంప్యూటరుకు తెలియడం లేదు. పాపం, అది ఇంకా లెగసీలోనే ఉన్నాననుకుని మీటరు బోర్డును అడుగుతోంది. కార్బురేటర్ కాలపు మీటరు బోర్డుకు ఆ భాష రాదు. ఎర్రదీపం దగ్గర ఆగబోతే ఇంజిన్ కూడా ఆగిపోతోంది. చివరికి తుక్కు యార్డులో ఇదే ఈడు బండి, ఇంజెక్షన్‌ది, ఒకటి దొరికింది. దాని మీటరు వెనక చిటికెన గోరంత స్విచ్చు, పక్కన తిరిగే అయస్కాంతం. అది తెచ్చి అతికించాక ఛందస్సు ఆగింది. నాకు కొంచెం వెలితిగానే అనిపించింది.

డిసెంబరులో స్నోక్వాల్మీ కనుమ ఎక్కాం. సుమారు 3,000 అడుగులు. ఇదివరకటి ఇంజిన్‌తో అయితే లారీల వెనక కుడి వరసలో దీపాలు మినుకుమినుకుమనిపిస్తూ పోవలసినదట. ఇప్పుడు ఆ లారీల్నే దాటాం. పైన మంచు మొదలయ్యాక మా వాడు నాకేసి చూసి, పొట్టి కర్ర మీద చెయ్యి వేసి, నెమ్మదిగా లాగాడు. ఎక్కడో కింద టక్కుమంది. ఆ టక్కు వినడానికి ఆరు నెలలు.

తాత్పర్యం

స్పష్టం.

గద్య

ఇది తోడల్లుని గరాజునందు టార్చిలైటు పట్టుటచే లబ్ధమైన పాండిత్యము గలవాడును, పానా పట్టుట యెరుగనివాడును, పులిహోర విషయమున మౌనము వహించినవాడును అగు వ్యాఖ్యాతచే రచింపబడిన పానాప్రకాశిక యందు సర్వము నేకాశ్వాసము సంపూర్ణము, పని ముగిసిన పిదప గరాజు నేలమీద దొరికినదియు, పాత బండిదో దాత బండిదో తేలనిదియు అగు ఒక్క బోల్టు తక్క.