ఓడొచ్చిందా?

జర్నలిజంలో ఎం.ఏ. చేస్తున్నానంటే శ్రీకాకుళంలోని చుట్టాలు "ఏ చానల్లో కనబడతావు?" అని అడుగుతారు. అండమాన్‌లో నేనుండే హాడోలో అయితే "ఓడ టిక్కెట్టు ఇప్పించగలవా?" అంటారు. విశాఖ ఓడలో బంక్ క్లాసు బెర్తు సంపాదించి పెట్టగలిగినవాడే ఇక్కడ అసలైన జర్నలిస్టు. మిగతావాళ్లు ఏదో రాసుకుంటారు, పాపం.

నాది దూరవిద్య. ఎంత దూరమంటే, మా గైడుగారికీ నాకూ మధ్య పన్నెండు వందల కిలోమీటర్ల బంగాళాఖాతం ఉంది. ఆయన మెయిన్‌ల్యాండ్‌లో, నేను హాడో రేవు పక్క వీధిలో. చెన్నై నుంచి సముద్రం అడుగున సుమారు 2,300 కిలోమీటర్ల ఇంటర్నెట్ కేబుల్ వేసి 2020 ఆగస్టులో ప్రారంభించారు కాబట్టి ఇప్పుడు ఆయన చివాట్లు ఆగకుండా, ముక్కలవకుండా, ఎప్పటికప్పుడు అందుతున్నాయి. ఉపగ్రహం మీద ఆధారపడ్డ కాలంలో చదివిన సీనియర్లు అదృష్టవంతులు.

మా శాస్త్రానికి వేదం లాంటి గ్రంథం వాల్టర్ లిప్‌మన్ 1922లో రాసిన 'పబ్లిక్ ఒపీనియన్'. అది మొదలవడమే ఒక దీవిలో మొదలవుతుంది. సంవత్సరం 1914. ఇంగ్లీషువాళ్లూ ఫ్రెంచివాళ్లూ జర్మన్లూ కలిసి కాపురం ఉంటున్నారు. కేబుల్ లేదు. టపా ఓడ అరవై రోజులకోసారి వస్తుంది. పారిస్‌లో ఒక మంత్రిగారి భార్య పత్రికా సంపాదకుణ్ణి కాల్చి చంపింది. ఆ కేసులో తీర్పేమైందో కెప్టెన్‌ని అడుగుదామని సెప్టెంబరు నడిమధ్యలో దీవి దీవంతా రేవు మీదికొచ్చింది. తీరా తెలిసిందేమిటంటే, ఆరు వారాలకు పైగా ఇంగ్లీషువాళ్లూ ఫ్రెంచివాళ్లూ ఒకవైపు, జర్మన్లు ఇంకోవైపు నిలబడి యుద్ధం చేసుకుంటున్నారట! ఆ సంగతి తెలియక వీళ్లిక్కడ స్నేహంగా మెలిగారు.

ఇంత గొప్ప ఘట్టాన్ని మా వీధి పిన్నికి కళ్లకు కట్టినట్టు చెప్పాను. అంతా విని, "మరి ఆ ఓడలో ఉల్లిపాయలొచ్చాయేటి?" అంది.

లిప్‌మన్ రాయలేదు. వందేళ్లుగా ప్రొఫెసర్లెవరూ అడగలేదు. ఓడ ఆలస్యమైతే బజార్లో ఉల్లిపాయ, బంగాళాదుంప ధరలు ఎటు పోతాయో తెలిసినవాళ్లకే ఆ అనుమానం వస్తుంది. యుద్ధం సరే, కూరకేం గతి?

ఆ పుస్తకంలోనే ఇంకో మాట ఉంది: మనుషులు లోకాన్ని చూసి కాదు, తలలో ఉన్న లోకం బొమ్మను చూసి నడుచుకుంటారని. ఇది మాత్రం ఉదాహరణ అక్కర్లేకుండానే అర్థమైంది. మా చుట్టాల తలల్లో అండమాన్ బొమ్మ అంటే సెల్యులార్ జైలు, చుట్టూ అడవి, మధ్యలో నేను. 'అక్కడ అన్నం దొరుకుతుందా నాయనా' అని ఇప్పటికీ గొంతు తగ్గించి అడుగుతారు.

మా టీవీ పాఠాల్లో ప్రైమ్ టైమ్ గురించి అధ్యాయం చదివేటప్పుడు కొంచెం ఇబ్బంది. రాత్రి తొమ్మిదికి దేశం వేడెక్కి చర్చిస్తుందట. గడియారం దేశమంతటికీ ఒకటే గానీ సూర్యుడు మాకు ముందుగా డ్యూటీ దిగిపోతాడు; చలికాలం సాయంత్రం ఐదింటికే దీపాలు. తొమ్మిదయ్యేసరికి మా వీధి రెండో కునుకులో ఉంటుంది.

ఇక లాజర్స్‌ఫెల్డ్ అనే పరిశోధకుడు. 1940 అమెరికా ఎన్నికలప్పుడు ఒహాయోలో ఓటర్లను ప్రశ్నించి, వార్త ముందు నలుగురూ మాట వినే కొందరికి చేరుతుంది, వాళ్ల నుంచి జనానికి చేరుతుంది, అంటే రెండు మెట్లు అన్నాడాయన. హాడోలో మూడు. ఇక్కడ ప్రభుత్వమే వేసే 'ది డైలీ టెలిగ్రామ్స్' ఇంగ్లీషు పత్రిక. అందులో ఓడల ప్రకటన పడితే పిన్ని మనవడు చదువుతాడు, పిన్ని తెలుగులో వింటుంది, వీధికి ఉత్తరాంధ్ర యాసలో విడుదల చేస్తుంది. పెళ్లి ముహూర్తాలు, ఆస్పత్రి ప్రయాణాలు, పిల్లల సెలవులు అన్నీ ఆ బులెటిన్ మీదే. పత్రికలు జనం దేని గురించి ఆలోచించాలో నిర్ణయిస్తాయని మెకూంబ్స్, షా 1972లో సిద్ధాంతం రాశారు. వాళ్లు హాడో వచ్చి ఉంటే పత్రికలను వదిలేసి ఓడల షెడ్యూలు మీద రాసేవారు.

నేను దాని మీదే డిసర్టేషన్ పెట్టుకున్నాను. "షెడ్యూలు వార్త ఎలా అవుతుందయ్యా?" అన్నారు గైడుగారు. "ఆలస్యమైతే అవుతుంది సార్" అన్నాను. ఒప్పుకున్నారు.

ప్రశ్నపత్రం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. అందరూ ఆప్యాయంగా కూర్చోబెట్టి, నా ప్రశ్నలు పక్కనబెట్టి, టిక్కెట్టు సంగతి అడిగారు. చివరి ప్రశ్న 'మీరు ఎక్కువగా నమ్మే మాధ్యమం ఏది?' పత్రిక, రేడియో, టీవీ, ఇంటర్నెట్, ఇతరములు. మా వీధిలో 'ఇతరములు' భారీ మెజారిటీతో గెలిచింది. ఎదురుగా ఉన్న ఖాళీలో అందరూ పిన్ని పేరే రాశారు.

గైడుగారు దాన్ని ఎర్ర అక్షరాల్లో వెనక్కి పంపారు: 'ఇది వ్యక్తి, మాధ్యమం కాదు. సవరించండి.'

పిన్నికి చదివి వినిపించాను. చాలాసేపు ఆలోచించింది.

"ఏటైనా రాసుకో బాబూ. నా పేరు పక్కన మీ బాబాయి పేరు మాత్రం పెట్టకు. ఆయన సెప్పింది ఎవులూ నమ్మరు."