కోటిపల్లి రేవు దాటితే చాలదూ!

ఏరా పిల్లలూ, ఉన్న ఊళ్లో చదువుకోడానికి మీకేమొచ్చింది? మా మనవరాలు కాకినాడ జేఎన్‌టీయూలో ఇంజనీరింగు. మొన్న సెలవులకొచ్చి, "తాతయ్యా, స్వీడన్‌లో బ్లెకింగె అనే చోట కాలేజీతో మావాళ్లకి ఒప్పందముంది. మొదట ఇక్కడ, తర్వాత అక్కడ. రెండు పట్టాలొస్తాయి" అంది. ఒక్క పట్టాతో ముప్పై ఆరేళ్లు ఉద్యోగం వెళ్లదీశాన్నేను.

ఎందుకే అంటే వేళ్లు మడిచి చెప్పింది. కొత్త దేశం చూడొచ్చట. అక్కడి ల్యాబులు వేరట. ఉద్యోగమిచ్చేవాడు ఆ పేరు చూసి ముందు పిలుస్తాడట. అన్నిటికన్నా, ఒక్కర్తే బతకడం తెలుస్తుందట. ఆ చివరి మాట దగ్గరే నాకు కాలింది.

మా రోజుల్లో ఆ చదువుకి విమానమెక్కలేదు. మాది ముక్తేశ్వరం పక్క పల్లె. 1961లో కాకినాడ పి.ఆర్. కాలేజీకి బయల్దేరితే, తెల్లారగట్ల కోటిపల్లి రేవు దాటాలి. కోటిపల్లి నుంచి కాకినాడకి ఒకప్పుడు రైలుండేది. రెండో ప్రపంచ యుద్ధంలో పట్టాలు పీకి పట్టుకుపోయారు, మళ్లీ 2004 దాకా రైలు లేదు. లాంచీ ఎప్పుడు కదులుతుందయ్యా అంటే సరంగు "ఆయ్, ఇదిగోనండీ" అనేవాడు. ఆ ఇదిగో గంటన్నర. గోదారిని చూస్తూ కూచోడమే. అంత తీరిక మీకేదీ?

కాకినాడలో వారాలు చేసుకున్నాను. వారాలంటే మీకేం తెలుసులే. రోజుకో ఇంట్లో భోజనం, ఏడు రోజులకి ఏడిళ్లు. సోమవారం ప్లీడరుగారింట్లో పులుసులో బెల్లం పడేది. మంగళవారం మాస్టారింట్లో బెల్లమన్న మాటే లేదు, కారం నషాళానికంటేది. బుధవారం ఒంటరి ముసలావిడ ఇల్లు. మజ్జిగ పులుసు తప్ప మరోటి ఎరగం గానీ, నేను తిని లేచేదాకా ఆవిడ ముద్ద ముట్టేది కాదు. శనివారంవాళ్లది ఒంటిపూట, రాత్రికి ఉప్పుడుపిండి. ఎవరింట్లో మారు అడగొచ్చో, ఎవరింట్లో గబగబా తిని విస్తరి తీసి లేచిపోవాలో పదిహేడేళ్లకే తెలిసింది. ఇంతకన్నా పరదేశం ఎక్కడుందిరా? గురువారంవాళ్లు ఊరెళ్తే మాత్రం ఆ రోజంతా కుళాయి నీళ్లే. ఆ సంగతి మనవరాలికి చెప్పలేదు.

అసలు వెళ్లినవాళ్లే లేరని కాదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1920ల్లోనే హార్వర్డ్ వెళ్లారు. దానికి చెయ్యందించింది కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ. ఆ నాయకర్‌గారూ రంగూన్ వెళ్లి గడించినవారే. సుబ్బారావుగారి పరిశోధనల్లోంచి వచ్చిన మందులు ఈనాటికీ కాన్సరు రోగుల్ని కాపాడుతున్నాయి. కానీ ఆయన 1948లో అక్కడే పోయారు, మళ్లీ ఈ గడ్డ మీద అడుగు పెట్టలేదు. కడుపుతో ఉన్న భార్యని ఇక్కడ వదిలి వెళ్లిన మనిషి. ఆయన పేరు వినగానే నాకు మందులకంటే ముందు ఆవిడ గుర్తొస్తుంది. రెండు పట్టాలొస్తాయి సరే, పిల్ల వస్తుందా?

ఎమ్మెస్సీకి వాల్తేరు వెళ్తానని నేనన్నప్పుడు మా అమ్మ రెండు రోజులు అన్నం మానేసింది. ఆగిపోయాను. ఆ కోపం నాకు చాలా ఏళ్లుంది. మొన్న మనవరాలు స్వీడన్ అనగానే కంచం ముందునుంచి లేచిపోయాను. చెయ్యి కడుక్కుంటుంటే అమ్మే గుర్తొచ్చింది.

సాయంత్రం పిల్ల ఫోనులో ఆ కాలేజీ ఉన్న ఊరి పటం చూపించింది. కార్ల్స్‌క్రోనా. ఊరంతా సముద్రంలో లంకలే, మా కోనసీమలాగే. ఒక లంకనుంచి ఇంకో లంకకి పసుపు రంగు పంటు మీద కార్లతో సహా దాటిస్తారట, పైసా తీసుకోకుండా. మా రోజుల్లో రేవు పాటదారు చేతిలో డబ్బు పడందే పడవలో కాలు పెట్టనిచ్చేవాడా? పంటెక్కిన రోజున ఫోటో తీసి పంపమన్నాను.