సీజన్ ఉంటదా మామా?

హైదరాబాద్‌లో క్రికెట్ అభిమానికి కొత్త సీజన్ ముందు ఒకటే బెంగ: సన్‌రైజర్స్ ఈసారైనా మూడొందలు కొడతారా, లేదా అని. బాస్కెట్‌బాల్ అభిమాని బెంగలు వరుస కట్టి నిలబడతాయి. అసలు లీగ్ జరుగుతుందా? జరిగితే అందులో మన ఊరుంటుందా? ఉంటే పాత పేరే ఉంటుందా, కొత్తది పెడతారా? ఆటలు ఏ రాష్ట్రంలో? ఇవన్నీ దాటాక గానీ గెలుపోటముల ప్రస్తావన రాదు. అంతదూరం వెళ్లి దిగులుపడ్డవాణ్ని నేనింకా చూడలేదు.

నాకీ బెంగ అంటించినవాడు మా మేనల్లుడు. నల్లగొండ నుంచి గ్రూప్-2 కోచింగ్ కోసం వచ్చి దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉంటున్నాడు. ఎత్తు ఆరడుగుల మూడంగుళాలు. హాస్టల్ మంచం ఆరడుగులే కాబట్టి, మిగిలిన మూడంగుళాలనూ పక్కవాడి ఇండియన్ పాలిటీ పుస్తకాల మీద ఆనించి పడుకుంటాడు. కొత్తపేటలో మా ఇంటికొస్తే మా ఆవిడ మంచినీళ్లివ్వక ముందే సజ్జ మీది ఆవకాయ జాడీ దించమంటుంది. మా అపార్ట్‌మెంట్‌లో మెట్ల దగ్గర ట్యూబ్‌లైట్ మాడిపోతే ఎలక్ట్రీషియన్‌కు ఫోన్ చేయడం మానేసి చాలా కాలమైంది. పొడుగు మనిషితో మనవాళ్లకు తెలిసిన ఉపయోగాలు ఇంతే. వాడికేమో ఆ ఎత్తంతా నేలకు పదడుగుల పైనుండే రింగు దగ్గర ఖర్చు పెట్టాలని ఉంది.

వచ్చిన ప్రతి ఆదివారం వాడి ప్రశ్న ఒకటే. "మామా, ఈసారి సీజన్ ఉంటదా?"

నేను బాస్కెట్‌బాల్ సమాఖ్య కార్యదర్శిని కాను. పేపర్లో ఆటల పేజీ చదువుతాను, అంతే. అయితే మా చుట్టాల్లో ఆ పేజీ చదివేవాణ్ని నేనొక్కణ్నే కావడంతో ఆ పదవి దానంతటదే నాకు దఖలు పడింది.

పదవి వచ్చాక పాత రికార్డులు తిరగేయక తప్పుతుందా? 2010లో మన బాస్కెట్‌బాల్ సమాఖ్య ఐఎంజీ రిలయన్స్‌తో ఒప్పందం రాసుకుంది. గడువు 30 ఏళ్లు. పెళ్లిళ్లలో కూడా అంత గడువు ఎవరూ లిఖితపూర్వకంగా ఇవ్వరు. దేశానికో ప్రొఫెషనల్ లీగ్ వస్తుందన్నారు. ఒప్పందమూ ముప్పై ఏళ్లు నిలవలేదు, దాని చలవన లీగూ రాలేదు. ఈలోగా 2015లో వేరేవాళ్లు యూబీఏ అనే లీగ్ పెట్టేశారు. ఎనిమిది జట్లు: చెన్నై స్లామ్, పుణె పేష్వాస్, పంజాబ్ స్టీలర్స్... మనకు హైదరాబాద్ స్కై. సమాఖ్య గుర్తింపు లేకుండానే 2017 నాటికి నాలుగు సీజన్లు ఆడించి చాప చుట్టేశారు. తర్వాత 2018లో త్రీ-ఆన్-త్రీ లీగ్ వచ్చింది, మనకు హైదరాబాద్ బాలర్స్ వచ్చింది. ఆ ఆటకు ముగ్గురే మనుషులు, సగమే కోర్టు. అప్పటికి మా ఆశ కూడా సరిగ్గా అంతే మిగిలింది గనక కొలతలు బాగానే కుదిరాయి.

2022లో సమాఖ్య ఆశీస్సులతోనే ఐఎన్‌బీఎల్ అనే లీగ్ మొదలైంది. చెన్నై, బెంగళూరు, కొచ్చి, ముంబై, ఢిల్లీ, చండీగఢ్. ఆరు ఊళ్లు. మన ఊరు లేదు. కోటి జనాభా, ఇంత మెట్రో, ఇన్ని ఫ్లైఓవర్లు పెట్టుకుని దేశపటంలో ఖాళీగా కూర్చున్నాం. చివరికి 2025లో అదే సంస్థ 25 ఏళ్ల లోపు కుర్రాళ్లకు ప్రో లీగ్ పెట్టి అందులో హైదరాబాద్ ఫాల్కన్స్‌కు చోటిచ్చింది. అంటే మొదట ఆకాశం వచ్చింది, పదేళ్లకు డేగలు వచ్చాయి. ఆ రెండూ ఒకేసారి ఉండి ఉంటే ఎగిరేవాళ్లమేమో. పోనీ డేగలైనా మన నెత్తి మీద ఎగిరాయా అంటే, పోటీలు ఢిల్లీ త్యాగరాజ్ స్టేడియంలో పెట్టారు.

ఈ చరిత్ర మొత్తం మా మేనల్లుడి హాస్టల్ గదిలో చెప్పి చూశాను. అరడజను మంది గ్రూప్స్ అభ్యర్థులు శ్రద్ధగా విన్నారు. ఎవరి ముఖంలోనూ ఆశ్చర్యం లేదు. ఎందుకుంటుంది? ఎదురుచూడటం దిల్‌సుఖ్‌నగర్‌కు ఒకరు నేర్పాలా? 2022లో 503 పోస్టులకు గ్రూప్-1 నోటిఫికేషన్ పడింది. అక్టోబరులో ప్రిలిమ్స్ రాశారు, పేపర్ లీకైందని 2023 మార్చిలో రద్దయింది. జూన్‌లో మళ్లీ రాశారు, ఆ పరీక్షను హైకోర్టు కొట్టేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో మళ్లీ మొదటికొచ్చింది. రెండేళ్లలో నాలుగు సీజన్లు పూర్తి చేసిన యూబీఏ వీళ్లకు మహా క్రమశిక్షణ గల సంస్థలా కనబడింది.

"గుర్తింపు లేకుండ లీగెట్ల పెట్టిండ్రన్నా? ఎవడన్న స్టే తెచ్చుంటడు," అన్నాడు ఒకడు. "తర్వాతి లీగుకు సిలబస్ మారిందా?" అని ఇంకొకడు. మూలన కూర్చున్న సీనియరొకాయన, జుట్టు సగం నెరిసింది, పుస్తకంలోంచి తలెత్తకుండానే తేల్చేశాడు: "ఎలక్షన్లు దగ్గర పడితే వస్తది తమ్మీ."

మా అక్కతో మాత్రం ఇంత సులువుగా తెమలదు. ఒకరోజు నల్లగొండ నుంచి ఫోన్. "తమ్మీ, వాడేందో ఆటల నౌకరీ అంటుండు. గది పర్మనెంటేనా?"

పక్కనే ఉన్న మావాడు ఫోన్ లాక్కుని సత్నామ్ సింగ్ కథ ఎత్తుకున్నాడు. పంజాబ్ పల్లెటూరి పిల్లగాడు, ఏడడుగుల రెండంగుళాలు, 2015లో డాలస్ మావెరిక్స్ 52వ పిక్‌గా తీసుకుంది, ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఎంపికైన మొదటి భారతీయుడు. మా అక్క అంతా సావధానంగా విని, "ఇప్పుడేం చేస్తుండు మరి?" అంది. మావాడు నీళ్లు నమిలాడు. సత్నామ్ ఆ తర్వాత అమెరికాలో ప్రొఫెషనల్ రెజ్లింగ్‌లోకి వెళ్లిపోయాడు. "సూశినవా!" అంది మా అక్క. ఆ ఒక్క మాటకు ఏ స్పోర్ట్స్ చానల్ విశ్లేషకుడి దగ్గరా జవాబు లేదు.

నిజానికి ఆవిడ అడిగిందే అసలు ప్రశ్న. మన దేశంలో బాస్కెట్‌బాల్‌ను నమ్ముకుని బతికినవాళ్లు ఎప్పట్నుంచో ఉన్నారు. వాళ్ల జీతం లీగుల నుంచి రాదు. రైల్వేలు, ఆర్మీ, ఓఎన్‌జీసీ, ఇండియన్ ఓవర్సీస్ బ్యాంక్ ఇస్తాయి. జాతీయ పోటీల్లో రాష్ట్రాలతో పాటు రైల్వేస్, సర్వీసెస్ పేర్లతో జట్లు దిగేది అందుకే. మహిళల విభాగంలోనైతే రైల్వేస్ గెలవని ఏడు వస్తే అదే పెద్ద వార్త. పొద్దున ప్రాక్టీసు, తర్వాత ఆఫీసులో సంతకం, సాయంత్రం మళ్లీ ప్రాక్టీసు. దాన్ని ప్రొఫెషనల్ అనాలా, ఉద్యోగమనాలా అనేది పండితులు తేల్చుకోవచ్చు. లీగ్ మూతపడితే జెర్సీ ఒక్కటే మిగులుతుంది, ఇక్కడ ఒకటో తారీఖున జీతం పడుతుంది. కాబట్టి హైదరాబాద్ జట్టు భవిష్యత్తు కోచ్ చేతిలో లేదు, సెంటర్ చేతిలోనూ లేదు. నల్లగొండలో ఉన్న మా అక్క "సరే, ఆడుకో" అనడంలో ఉంది. ఆమె అనాలంటే జట్టు ఐదేళ్లు వరుసగా కళ్ల ముందు కనబడాలి.

కనబడటానికి ఒక చోటు కావాలి కదా. ఎన్‌బీఏలో ఒక జట్టు సీజన్‌కు 82 ఆటలు ఆడితే అందులో 41 సొంత ఊళ్లో. మాకంత అత్యాశ లేదు. సరూర్‌నగర్ ఇండోర్ స్టేడియంలో నెలకు రెండు ఆటలు చాలు. మెట్రో దిగి నడిచిపోవచ్చు. కానీ హైదరాబాద్‌లో కొత్తగా ఏదొచ్చినా గచ్చిబౌలికి పోతుందని మా తూర్పువాళ్లకు తెలుసు. మేం అక్కడికి పోవాలంటే అమీర్‌పేటలో రైలు మారి, రాయదుర్గంలో దిగి, ఆటోవాలాను బతిమాలుకోవాలి. అప్పటికి రెండో క్వార్టర్ అయిపోతుంది. మా వైపు నుంచి పోయేవే గాని వచ్చేవి తక్కువ. కొత్తపేట పండ్ల మార్కెట్టే బాటసింగారం వెళ్లిపోయింది, బాస్కెట్‌బాల్ వస్తుందా?

సరూర్‌నగర్ స్టేడియానికి ఉత్కంఠ కొత్తేమీ కాదు. 2021 మార్చిలో పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నిక ఓట్లు అక్కడే లెక్కపెట్టారు. 93 మంది అభ్యర్థులు, దుప్పటంత బ్యాలెట్, ఒక్కొక్కర్ని ఎలిమినేట్ చేస్తూ రోజుల తరబడి రౌండ్లు. ఓవర్‌టైమ్ అంటే అదీ. ఆ ఓట్లు వేసినవాళ్లలో సగం మంది మా మేనల్లుడి హాస్టల్ లాంటి హాస్టళ్లలోనే ఉండి ఉంటారని నా అనుమానం. అంత ఓపిక ఉన్న ప్రేక్షకులు ఏ దేశంలో ఏ జట్టుకు దొరుకుతారు? టికెట్ యాభై రూపాయలు పెట్టి, బయట మిర్చీ బజ్జీ బండికి అనుమతిస్తే కరెంట్ అఫైర్స్ క్లాసులు ఖాళీ అవుతాయి.

ఇక సీజన్ మీద నా అంచనా. ఆరు జట్ల లీగ్ జరిగితే మనకు ఆరో స్థానం ఖాయం, ఎవరూ లాక్కోలేరు. సొంత కోర్టు ఇస్తే నాలుగు. మా మేనల్లుణ్ని తీసుకుంటే మూడు అని మా ఆవిడ వాదన. ఆవకాయ జాడీ దించడంలో వాడి చేతి నిలకడ ఆవిడ కళ్లారా చూసింది.

ఆ మూడో స్థానానికి ఒక అడ్డుంది. ఫాల్కన్స్ ఆడిన లీగ్ 25 ఏళ్ల లోపువాళ్లది. మావాడికి ఇరవై ఆరు నిండాయి. తెలంగాణ ఉద్యోగాల్లో గరిష్ఠ వయసును 2022లో 44కు, 2024లో 46కు పెంచిన సంగతి హాస్టల్లో అందరికీ కంఠతా వచ్చు. గ్రూప్-2 లెక్కన మావాడికి ఇంకా ఇరవై ఏళ్ల ఆట ఉంది, బాస్కెట్‌బాల్ లెక్కన రిటైరయ్యాడు. ఈ అన్యాయం మీద నెరిసిన జుట్టు సీనియర్ అప్పుడే ఒక వినతిపత్రం తయారు చేశాడు. లీగ్ నిర్వాహకులు తెలంగాణ అభ్యర్థులకు వయోపరిమితి సడలించాలని, లేదంటే కనీసం అప్లికేషన్‌లో ఎడిట్ ఆప్షన్ అయినా ఇవ్వాలని అందులో కోరాడు. హాస్టల్ మొత్తం సంతకాలు చేసింది. మొన్న ఆదివారం నా దగ్గరికీ తెచ్చారు, పెట్టాను. "ఎవరి పేరు మీద పంపాలె మామా?" అని మావాడు అడిగితే, ఇప్పుడు ఏ లీగ్ నడుస్తోందో కనుక్కుని చెప్తానన్నాను.